రొమ్ము లోపలి మాట వినిన వైద్యుడు



ఆదివారము ఆరాధనలో దగ్గు వినబడని గుడి ఎక్కడను ఉండదు. ప్రార్థన నడుమ ఒకరు దగ్గుదురు, ఆ వెనుక మరియొకరు. వానలు వెనుకపట్టి చలి దిగినప్పుడు అది మామూలే. అయితే ఆ దగ్గులలో పది దినములలో పోవునది ఏదో, పోకుండ నిలిచిపోవునది ఏదో మనము కనిపెట్టము. దగ్గువాడును చెప్పడు. మంచు పడలేదనును, నీళ్లు మారినవనును, చుట్ట దగ్గనును. ఇంటిలో ఈడు వచ్చిన పిల్ల ఉన్నది, సంగతి బయటపడిన యెడల సంబంధము రాదని నెలల తరబడి నోటికి కొంగు అడ్డము పెట్టుకొని దగ్గిన తల్లులను మేము ఎరుగుదుము.

ఈ నెల మేము చెప్పదలచినది ఒక ఫ్రెంచి వైద్యుని జీవితము. ఆయన పేరు రెనే లెనెక్. వైద్యుల మెడలో వ్రేలాడు స్టెతస్కోపును మొట్టమొదట చేసినవాడు ఆయనే. ఆయన రోమను సంఘమునకు చెందిన భక్తిపరుడు. అట్టివాని కథ మన పత్రికలో ఏల అని ఎవరైనను అడిగినయెడల, ఆయన గొట్టము నేడు మన మిషను ఆసుపత్రులన్నిటిలోను ఉన్నదని చెప్పి ఊరకుందుము.

ఫ్రాన్సు దేశమునకు పడమటి కొనను సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన బ్రిటనీ అను సీమ కలదు. అక్కడి పల్లెజనులకు బ్రెటన్ అను వేరొక భాష ఉండెను. పారిసు పట్టణపువారికి అది అర్థము కాదు. ఆ సీమలోని కెంపేరు పట్టణములో 1781 ఫిబ్రవరి 17న లెనెక్ జన్మించెను. ఆయనకు అయిదేండ్ల ప్రాయమున తల్లి చనిపోయెను. అది క్షయయే అయియుండునని తరువాతివారు తలంచిరి. తండ్రి న్యాయవాది, కవిత్వము మీద మక్కువ గలవాడు, ఇల్లు దిద్దుకొను నేర్పు మాత్రము తక్కువ. పిల్లలను నాంత్ పట్టణములోని తన తమ్ముని యొద్దకు పంపివేసెను. ఆ పినతండ్రి గియోమ్ మంచి వైద్యుడు. విప్లవపు దినములు అవి. నడివీధిలో తలలు తెగుచుండగా, ఆసుపత్రి గాయపడినవారితో నిండుచుండగా, పదునాలుగేండ్ల బాలుడు లెనెక్ పినతండ్రి వెంట రోగుల మంచముల నడుమ తిరుగుచు పని నేర్చుకొనెను. తీరిక దొరికినప్పుడు పిల్లనగ్రోవి ఊదెడివాడు. ఆ చెవి తరువాత ఆయనకు ఎంతగా పనికివచ్చెనో చూతము.

1801లో ఆయన పారిసు చేరెను. రెండేండ్లలోనే వైద్యములోను శస్త్రవైద్యములోను మొదటి బహుమతులు పొందెను. అక్కడ ఆయన గురువు కోర్విసార్, నెపోలియనుకు వైద్యుడు. రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, మ్రోగు చప్పుడును బట్టి లోపల గాలి ఉన్నదో నీరు ఉన్నదో చెప్పు విద్యను ఆయన శిష్యులకు నేర్పుచుండెను. ఆ విద్యను 1761లో ప్రకటించినవాడు ఔవెన్‌బ్రుగ్గర్ అను ఆస్ట్రియా వైద్యుడు. అతని తండ్రి పూటకూళ్ల ఇల్లు నడిపెడివాడనియు, ద్రాక్షారసపు పీపాలను తట్టి ఎంత నిండియున్నవో చూచుట అక్కడనే నేర్చుకొనెననియు చెప్పుదురు. సంతలో కుండ కొనునప్పుడు మన స్త్రీలు తట్టి చూచుట ఎరిగినవారికి ఇందులో వింత లేదు.

పారిసులో ఆ దినములలో క్షయ అంతటను ఉండెను. 1810లో లెనెక్ తమ్ముడు దానితోనే చనిపోయెను. ఆయన ప్రాణస్నేహితుడు బేల్, తొమ్మిది వందల శవములను పరీక్షించి ఆ రోగమును గూర్చి గ్రంథము వ్రాసినవాడు, 1816లో అదే రోగమునకు బలియయ్యెను. 1814లో యుద్ధమునుండి గాయపడి వచ్చిన బ్రెటన్ సిపాయిలు పారిసు ఆసుపత్రిలో భాష తెలియక, నొప్పి ఎక్కడో చెప్పుకొనలేక కృశించుచుండిరి. లెనెక్ వారినందరిని ఒక వార్డులో చేర్పించి, వారి భాషలోనే వారితో మాటలాడి వైద్యము చేసెను. చిన్న విగ్రహము, బక్క శరీరము. ఆయననుగూర్చి మాకు మిక్కిలి ఇష్టమైన సంగతి ఇదియే.

1816లో నెకర్ ఆసుపత్రిలో ఆయనకు పని దొరికెను. ఆ సంవత్సరమే గుండెజబ్బు లక్షణములు గల ఒక పడుచు స్త్రీ ఆయన యొద్దకు వచ్చెను. ఒళ్లు గల మనిషి గనుక తట్టి చూచినను ఏమియు తెలియలేదు. రొమ్ముకు చెవి ఆనించి వినుట ఆనాటి వైద్యులు ఎరుగనిది కాదు. గాని ఆమె పరాయి స్త్రీ, వయసులో ఉన్నది. లెనెక్ మర్యాద తప్పనొల్లనివాడు. అప్పుడు ఆయనకు ఒక సంగతి తోచెను. పొడుగాటి దూలమునకు ఒక కొనను సూదితో గీకినయెడల, రెండవ కొనను చెవి పెట్టినవానికి ఆ గీకుడు స్పష్టముగా వినబడును. వెంటనే ఒక దస్తా కాగితములు తెప్పించి గట్టిగా చుట్టి, ఒక కొన ఆమె గుండెమీదను మరియొక కొన తన చెవికిని పెట్టెను. ఒట్టి చెవితో ఎన్నడును వినబడనంత తేటగా గుండె చప్పుడు వినబడెను.

సిగ్గువలన వైద్యుని యొద్దకు పోనివారిని మనము చూచుచున్నాము. ఇక్కడ వైద్యుని సిగ్గే లోకమునకు మేలాయెను. గొట్టము పెట్టించుకొనుటకు ముడుచుకొనిపోవు మన అక్కచెల్లెండ్రకు ఒక మాట. ఈ పనిముట్టు మీ మర్యాద కాచుటకే పుట్టినది.

కాగితపు చుట్ట తరువాత కర్ర గొట్టము వచ్చెను. సుమారు అడుగు పొడవు, నడుమ సన్నని రంధ్రము. లెనెక్ స్వయముగా తరిమెన పట్టినవాడు. వాటిని తన చేతులతోనే చేసికొనెను. దానితో మూడేండ్లు ఆయన రోగుల రొమ్ములను వినెను. నిజమైన కష్టము ఇక్కడ ఉన్నది. చప్పుడు వినుట ఒకటి, దాని అర్థము తెలిసికొనుట ఒకటి. రోగి బ్రదికియుండగా విన్నదంతయు వ్రాసిపెట్టుకొని, అతడు చనిపోయినప్పుడు శవమును కోసి, ఊపిరితిత్తిలో ఆ చోట ఏమున్నదో చూచెను. తడి బుడగల చప్పుడు, ఎండుటాకులు నలిగినట్టి చప్పుడు, మేక అరచినట్లు వణకు స్వరము, ఇట్లు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టెను. కొందరు క్షయరోగుల యెడల రోగి పలుకు మాట నోటినుండి గాక రొమ్ములోనుండియే తిన్నగా గొట్టములోనికి వచ్చునట్లు వినబడెను. శవము కోసి చూచినప్పుడు అక్కడ ఊపిరితిత్తి తొలిచివేయబడి గుంట పడియుండెను. 1819లో ఈ సంగతులన్నియు రెండు సంపుటములుగా అచ్చువేయబడెను.

ఆ గ్రంథములో మన పాఠకులు తెలిసికొనదగినది ఏమనగా, దగ్గులన్నియు ఒకటి కావు. లెనెక్ న్యుమోనియాను, పక్కలో నీరు చేరుటను, గాలి గదులు సాగి ఊపిరితిత్తి ఉబ్బిపోవుటను, కోరింత దగ్గు వంటివాటి వెనుక ఊపిరి గొట్టములు వెడల్పై ఏండ్ల తరబడి కళ్లె పడుటను క్షయనుండి వేరుచేసి చూపెను. మన ప్రాంతమునుండియు ఇట్టి మాట ఒకటి కలదు. మదనపల్లె యొద్ద అనేక మిషనులు కలిసి 1912లో తెరచిన ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రిని పెక్కువారు ఎరుగుదురు. అక్కడి డెన్మార్కు వైద్యుడు ఫ్రిమొట్ మోలర్, తన తోటి వైద్యుడు బార్టన్‌తో కలిసి 1940లో ఒక సంగతి ప్రకటించెను. క్షయయని తలంచబడిన కొందరికి క్షయ లేదు. వారి రక్తములో ఒక జాతి తెల్లకణములు మితిమీరి ఉన్నవి. రాత్రులు నిద్రపట్టనీయని ఆ పొడిదగ్గుకు బోదకాలు పురుగే కారణమని తరువాత తేలెను. నేడు దానికి బిళ్లలున్నవి.

కావున ఎడతెగని దగ్గు వినగానే క్షయయని రోగిని వెలివేయుటయు తప్పు, ఏమియు కాదని ఊరకుండుటయు తప్పు. ఉబ్బసము కావచ్చును, చుట్ట, బీడీ, పిడకల పొయ్యి పొగ చేసిన కీడు కావచ్చును, గుండె బలహీనత కావచ్చును, రక్తపుపోటుకు ఇచ్చు కొన్ని బిళ్లల వలన కూడ పొడిదగ్గు వచ్చును, అప్పుడు బిళ్ల మానక వైద్యునికి చెప్పి మార్పించుకొనవలెను. అంగడిలో సీసా కొని త్రాగి, అది అయిపోగానే మరియొకటి కొనుట వైద్యము కాదు. మేము ఎరిగిన ఒక వృద్ధ ఉపదేశి మూడు నెలలలో అట్టి సీసాలు గూటినిండ పేర్చెను గాని ఒక్కమారైనను కళ్లె పరీక్ష చేయించుకొనలేదు. పసిపిల్లలకు వైద్యుని మాట లేక దగ్గు మందు పోయరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట మన ఇండ్లలో వాడుక. అది అపాయము, మానవలెను.

ఇక లెనెక్ పొరబడిన చోటు. మహానుభావుల తప్పులు దాచుట మాకు ఇష్టము లేదు, అందులోను ఈ తప్పునుండి నేర్చుకొనవలసినది ఎక్కువ. ఆయన పదేండ్లు ఒక కన్యాస్త్రీల మఠమునకు వైద్యుడుగా ఉండెను. అక్కడి నియమములు మిక్కిలి కఠినమైనవి. ఆ పదేండ్లలో క్షయవలన ఒకరి వెనుక ఒకరు చనిపోయి, మఠములోని మనుష్యులు రెండు మూడు మారులు పూర్తిగా మారిపోయిరి. నిలిచినవారు కొద్దిమంది: పెద్ద తల్లి, ద్వారము కాచునది, తోటపని చేయునది, వంటశాలలోనిది, అట్టివారు. లెనెక్ ఆలోచించి, ఎడతెగని దుఃఖమే వారిని చంపెననియు, పనిమీద మనసు మరలినవారు బ్రదికిరనియు నిర్ణయించెను. అంటురోగమని ఆయన నమ్మలేదు. తాను యౌవనమున ఒక క్షయ శవపు వెన్నెముకను కోయుచుండగా రంపము తగిలి వ్రేలికి గాయమై చిన్న కాయ కట్టెను. మందుతో కాల్చగా మానెను. ఇరువది యేండ్లయినను తనకు ఏమియు కాలేదని దానినే దృష్టాంతముగా చెప్పుచుండెను.

నేడు మనము ఆ మఠమును వేరుగా చూచెదము. మూసిన గదులలో, ఒకరి శ్వాస ఒకరు పీల్చుచు, రాత్రింబగళ్లు కలిసియుండినవారు పోయిరి. గాలిలోనికి వచ్చిపోవు పనిగలవారు ఎక్కువగా మిగిలిరి. 1882 మార్చి 24న జర్మనీ వైద్యుడు రాబర్టు కోహ్ క్షయకు కారణమగు సూక్ష్మజీవిని చూపిన తరువాత సందేహము తీరెను. రోగి దగ్గినప్పుడు అది గాలిలోనికి వచ్చును. మూసిన గదిలో చాలసేపు నిలుచును. ఎండయు గాలియు తగిలినచోట నిలువలేదు.

మన ఇండ్లను చూడుడి. చలికాలమున ఒకే గది, తలుపు బిగించి, కిటికీకి గోనె అడ్డముపెట్టి, దగ్గు తాతగారి ప్రక్కను మనుమలందరు. తాతగారిని పాకలోనికి తరిమివేయుడని మేము అనుట లేదు. కిటికీ తెరవవలెను, నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుమని ఆయనకు మెల్లగా చెప్పవలెను, కళ్లె కంటబడిన చోట ఉమియక మూతగల డబ్బాలో ఉమియవలెను, తెల్లవారగానే పరీక్షకు తీసికొనిపోవలెను. మన గుడి కిటికీలలో ఎన్ని తుప్పుపట్టి తెరుచుకొనకయున్నవో సంఘపెద్దలు ఒకమారు చూచినయెడల బాగుండును.

క్షయ అను మాట ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయములోని శాపముల వరుసలో కనబడుటచేత రోగిని శాపగ్రస్తుడని తలంచువారు మనలో ఇంకను కలరు. వారు యోహాను సువార్త 9వ అధ్యాయముకూడ తీసి చదువవలెను. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇది ఎవని పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. లెనెక్ కాలమున దుఃఖమని తలంచిరి, కొందరు పాపమని తలంచిరి. అది ఒక సూక్ష్మజీవి. దానికి కులము తెలియదు, నీతి తెలియదు.

గ్రంథము ముగించుసరికి లెనెక్ నలిగిపోయెను. పని విడిచి 1819లోనే బ్రిటనీకి మరలి, సముద్రము దగ్గర తన పొలములో నడచుచు, వేటాడుచు రెండేండ్లు గడిపెను. ఒంటికి బలము వచ్చెను. మరల పారిసు పిలిచెను. 1822లో కొల్లేజ్ ద ఫ్రాన్సులో ఆచార్యుడాయెను. మరుసటి యేడు షారితే ఆసుపత్రిలో బోధకుడాయెను. దూరదేశముల వైద్యులు ఆయన వెంట మంచము మంచమునకు తిరిగి వినుచుండిరి. సముద్రపు గాలి మేలుచేయునని నమ్మి, పారిసు వార్డులో రోగుల చుట్టు సముద్రపు నాచు పరపించెను. పాపము, దానివలన గుణము కలుగలేదు. 1824లో తన ఇల్లు చక్కబెట్టుచుండిన ఝాక్లిన్ అను విధవరాలిని పెండ్లాడెను.

ఈ కాలమంతయు ఆయనకు దగ్గును ఆయాసమును వచ్చుచు పోవుచు ఉండెను. దానిని ఆయన ఉబ్బసమనెను. నరముల బలహీనత అనెను. వేలమంది రొమ్ములను విని గుంట ఎక్కడ పడినదో అంగుళము తప్పక చెప్పినవాడు తన దగ్గుకు మెత్తని పేర్లు పెట్టుకొనెను. ఇందులో ఆయనను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. తెలిసికొనినను ఆనాడు మందు లేదు. మంచిగాలి, పాలు, విశ్రాంతి, అంతకుమించి ఎవరును ఏమియు ఇవ్వలేకపోయిరి.

మనకు ఆ సాకు లేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ దొరికెను. ఇల్లువిడిచి ఆసుపత్రిలో ఏండ్లు పడియుండనక్కరలేదని, ఇంటనే ఉండి మందు మ్రింగినను అంతే గుణము కలుగునని 1959లో మద్రాసు పరిశోధకులు లోకమునకు చూపిరి. నేడు రెండు వారములు దాటిన దగ్గు ఉన్నయెడల, ముఖ్యముగా సాయంకాలపు జ్వరము, రాత్రి చెమట, బరువు తగ్గుట, కళ్లెలో రక్తము కనబడినయెడల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కళ్లె పరీక్ష ఉచితము. రోగము తేలినయెడల మందులును ఉచితము. ఆహారమునకై 2024 నవంబరునుండి ప్రభుత్వము నెలకు 1000 రూపాయలు రోగి ఖాతాలో వేయుచున్నది. మామూలు క్షయకు ఆరు నెలలు దినదినము మ్రింగవలెను. రెండవ నెలలోనే ఆకలి పుట్టి, ఒళ్లు తేలిక పడి, బాగైపోయినదని చాలమంది మానుదురు. అప్పుడు మిగిలిన సూక్ష్మజీవులు మందుకు లొంగనివై తిరిగి లేచును. ఆ వైద్యము మరింత కష్టము. రోగి ఇంటిలోనివారందరును, పిల్లలతోకూడ, పరీక్ష చేయించుకొనవలెను.

1826 వసంతకాలమున లెనెక్ తన గ్రంథపు రెండవ కూర్పు ముగించెను. జ్వరము విడువలేదు. ఒకనాడు తన బంధువును శిష్యుడును అగు మెరియాదెక్‌ను పిలిచి, గొట్టము చేతికిచ్చి, తన రొమ్ము విని విన్నది విన్నట్లు చెప్పుమనెను. ఆ యౌవనుడు ఎడమ రొమ్ము పైభాగమున గొట్టము పెట్టి, చెవికి తోచిన చప్పుళ్లను ఒక్కొక్కటిగా చెప్పుచు వచ్చెను. ఆ చప్పుళ్లకు పేర్లు పెట్టినవాడు పడుకొని వినుచుండెను. వాటి అర్థము ఒకరు చెప్పనక్కర లేకపోయెను.

మే నెలాఖరున ఆయన పారిసు విడిచి, భార్యతో బ్రిటనీలోని తన ఇంటికి చేరెను. సముద్రపు గాలి ఈసారి నిలబెట్టలేదు. ఆగస్టు 13న, చనిపోవుటకు కొద్ది గంటలు ముందు, తన వ్రేళ్ల ఉంగరములు తానే ఒక్కొక్కటి తీసి బల్లమీద పెట్టెననియు, ఆ దుఃఖకరమైన పని ఇంకొకరికి మిగిలింపకూడదని అట్లు చేసెననియు చెప్పుదురు. అప్పటికి ఆయనకు 45 ఏండ్లు. మరణశాసనములో మెరియాదెక్ పేర కాగితములును వ్రాసి, వాటితోకూడ తన స్టెతస్కోపును ఇచ్చెను. తాను విడిచిపోవు సొత్తులో అన్నిటికంటె విలువైనది అదియేనని ఆయన ఎంచెను.